సర్వీస్ లిఫ్ట్ ఎక్కమనడం అన్యాయమా, అమర్యాదా?

ఏడో_అంతస్తు
సోమవారం, రాత్రి 10:20

చాలాకాలంగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇవాళ ఒక విషయం మింగుడుపడక రాస్తున్నాను.

మాది హైదరాబాద్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీ. బ్లాకుకి మూడు లిఫ్టులు. రెండు మామూలువి, ఒకటి సర్వీస్ లిఫ్ట్. రెండేళ్ల కిందట జనరల్ బాడీ మీటింగ్‌లో ఒక తీర్మానం చేశాం. "పనివాళ్లు, డెలివరీ బాయ్స్, పెంపుడు జంతువులు, ఫర్నిచర్ – సర్వీస్ లిఫ్ట్ మాత్రమే వాడవలెను." చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పుడేమీ ఆలోచించలేదు. సమోసాలు చల్లారిపోతున్నాయి, మీటింగ్ తొందరగా ముగిస్తే చాలనుకున్నాను.

పోయిన వారం సర్వీస్ లిఫ్ట్ మూడు రోజులు పాడైంది. మా పనిమనిషికి యాభై దాటాయి, మోకాళ్ల నొప్పులు. మూడు రోజులూ ఏడంతస్తులు మెట్లెక్కి వచ్చింది. పక్కనే రెండు లిఫ్టులు ఖాళీగా తిరుగుతున్నాయి. ఎక్కబోతే వాచ్‌మన్ వద్దన్నాడట. మూడో రోజు ఆలస్యమైంది. తలుపు దగ్గర గోడ పట్టుకుని ఆయాసపడుతూ "సారీ అమ్మా" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

మా ఆయన అంటారు: "జీతం ఒకటో తారీకుకల్లా ఇస్తున్నాం, పండక్కి బోనస్ ఇస్తున్నాం, వాళ్లబ్బాయి కాలేజీ ఫీజు కట్టాం. ఇందులో అన్యాయం ఎక్కడుంది?" లెక్క చూస్తే నిజమే, ఆమెకి రావాల్సింది మేం ఏదీ ఆపలేదు. మరి నాకెందుకిలా ఉంది? న్యాయం గురించి చదువుకున్నవాళ్లు ఇక్కడ ఉన్నారు కదా, చెప్పండి.


సొంతసొమ్ము
సోమవారం, రాత్రి 10:41

అన్యాయం లేదు మేడమ్. ఊరికే బాధపడకండి.

లిఫ్ట్ ఫ్లాటు ఓనర్లందరి ఉమ్మడి ఆస్తి. కరెంటు బిల్లు, మెయింటెనెన్స్ మీరే కడుతున్నారు. ఎవరు ఎక్కాలో మీరు తీర్మానించుకున్నారు. ఆవిడ ఆ నియమం తెలిసే పనికి ఒప్పుకుంది. అమెరికన్ తత్వవేత్త రాబర్ట్ నోజిక్ 1974లో చెప్పింది ఇదే. ఆస్తి చేతికి వచ్చిన దారి న్యాయమైనదైతే, చేతులు మారిన దారి న్యాయమైనదైతే, చివరికి ఎవరి దగ్గర ఏముందన్నది అన్యాయం కాదు. ఆయన బాస్కెట్‌బాల్ ఆటగాడు విల్ట్ చాంబర్లిన్‌ని ఉదాహరణగా తీసుకున్నాడు. టికెట్టుకి పావు డాలర్ చొప్పున పది లక్షల మంది ఇష్టపడి ఇస్తే అతనికి రెండున్నర లక్షల డాలర్లు వస్తాయి. అతను ధనవంతుడయ్యాడు. ఎవరిని దోచుకున్నాడు?

మెయింటెనెన్స్ వాళ్లు లిఫ్ట్ బాగుచెయ్యడంలో ఆలస్యం చేశారు, తప్పు అదొక్కటే. కంప్లైంట్ పెట్టండి.


అమ్మకూతురు
సోమవారం, రాత్రి 10:58

ఏడో అంతస్తు గారికి ఒక్క ప్రశ్న. ఆవిడ మీ ఇంట్లో టీ ఏ గ్లాసులో తాగుతారు?


లెక్కల_మాస్టారు
మంగళవారం, ఉదయం 5:35

డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను, విజయనగరం. తత్వశాస్త్రం ముసలితనంలో పట్టుకున్న వ్యసనం. కాబట్టి తప్పులుంటే దిద్దండి.

అమ్మా, మీ ఆయన వేసిన లెక్కలో ఒక పద్దు జారిపోయింది. అదేమిటో చెప్పాలంటే జాన్ రాల్స్ దగ్గరికి వెళ్లాలి. 1971లో ఆయన న్యాయసిద్ధాంతం మీద పెద్ద గ్రంథం రాశాడు, నోజిక్ రాసింది దానికి జవాబుగానే. రాల్స్ చేసిన ఊహ ఇది. ఒక అజ్ఞానపు తెర వెనక అందరం కూర్చున్నాం. ఏ ఇంట్లో పుడతామో తెలియదు. ఆ ఏడో అంతస్తు ఓనరు కడుపునో, అక్కడ అంట్లు తోమే ఆవిడ కడుపునో. ఇప్పుడు కూర్చుని నియమాలు రాయాలి. మూడు లిఫ్టుల్లో ఒకటి పాడైతే మిగతా రెండూ ఖాళీగా తిరిగినా సరే, మోకాళ్ల నొప్పులున్న మనిషి మెట్లే ఎక్కాలని ఆ తెర వెనక కూర్చుని ఎవరైనా రాసుకుంటారా?

ఇంతవరకూ అందరికీ తెలిసిందే. చాలామంది రాల్స్‌ని ఇక్కడే వదిలేస్తారు. ఆయనంటే పంపకాల తత్వవేత్త అనీ, ఎవరికెంత రావాలో చెప్పాడనీ ముద్ర వేసేస్తారు. కానీ ప్రతి మనిషికీ కావలసిన మౌలిక వస్తువులని ఆయన వేసిన జాబితాలో హక్కులు, స్వేచ్ఛలు, అవకాశాలు, ఆదాయం, సంపద తర్వాత చివర ఆత్మగౌరవం ఉంది. బహుశా అన్నిటికన్నా ముఖ్యమైనది అదేనని కూడా అన్నాడు. ఎందుకంటే తన బతుకుకి విలువ ఉందన్న నమ్మకం పోయాక మిగతావన్నీ చేతిలో ఉన్నా మనిషికి చెయ్యాలనిపించదు.

జీతం, బోనస్, ఫీజు మీరు ఇచ్చారు. లిఫ్ట్ దగ్గర చివరిది తీసేసుకున్నారు.


సొంతసొమ్ము
మంగళవారం, ఉదయం 8:12

మాస్టారూ, గౌరవంతోనే అంటున్నాను. ఆత్మగౌరవం ఒకరు ఇచ్చేదీ కాదు, ఇంకొకరు తీసుకునేదీ కాదు. పేరులోనే "ఆత్మ" ఉంది. మా తాత పరాయి పొలంలో పాలేరు. ఎవరి ముందూ తల దించలేదు. లిఫ్ట్ ఎక్కనివ్వకపోతే పోయే గౌరవం అసలు గౌరవమేనా?


నల్లరేగడి
మంగళవారం, ఉదయం 9:30

సొంతసొమ్ము గారూ, మీ తాతగారికి దణ్ణం. ఆయన తల దించకపోవడం ఆయన గొప్ప. అలా దించకుండా ఉండటానికి మీ తాత అంత గట్టివాడు కావాల్సి వచ్చిందే, అది ఆ ఊరి తప్పు. అందుకే రాల్స్ తర్వాత్తర్వాత మాట సవరించుకుని "ఆత్మగౌరవానికి సామాజిక ఆధారాలు" అన్నాడు. గౌరవం లోపలిదే. అది నిలబడే నేల బయట ఉంటుంది.

నేను గుంటూరులో లాయర్ని. ఇట్టాంటి మాటలొచ్చినప్పుడల్లా నాకు మహారాష్ట్రలోని మహాడ్ ఊరు గుర్తొచ్చుద్ది. బొంబాయి శాసనమండలి 1923లో ప్రభుత్వ చెరువులు, బావులు అందరికీ తెరవాలని తీర్మానం చేసింది. మహాడ్ మునిసిపాలిటీ కూడా సరేనంది. కాగితం మీద అంతా బానే ఉంది. చవదార్ చెరువులో మాత్రం పశువులు తాగొచ్చు, అస్పృశ్యులు తాగకూడదు. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు దోసిట పట్టి తాగాడు. వాళ్లు వెళ్లిపోయాక ఊరోళ్లు చెరువుని శుద్ధి చేశారు. కేసు కోర్టులకెక్కి, 1937లో బొంబాయి హైకోర్టులో తేలింది. పదేళ్లు! నీళ్ల కోసం.

నీళ్ల కోసమేనా? 1927 డిసెంబర్‌లో మళ్లీ మహాడ్‌లో మాట్లాడుతూ అంబేద్కర్ ఇచ్చిన వివరణ ఇది: ఆ నీళ్లు తాగితే మేం అమరులమైపోం, ఇన్నాళ్లూ అవి లేకుండానే బతికాం, అందరిలాగే మేమూ మనుషులమని స్థాపించడానికే ఆ చెరువు దగ్గరికి వెళ్తున్నాం.

పంపకాల న్యాయం ఒక్కటే న్యాయమైతే మహాడ్‌లో అన్యాయమే లేదు. ట్యాంకర్ తెప్పించి వాడలో నీళ్లు పోస్తే సరిపోయేది. సర్వీస్ లిఫ్ట్ అంటే ట్యాంకరే.


బ్రెజిల్_రిటర్న్
మంగళవారం, మధ్యాహ్నం 1:15

చర్చకి సంబంధం ఉందో లేదో గానీ చెబుతాను. మందుల కంపెనీ పని మీద సావోపాలోలో మూడేళ్లున్నాను. అక్కడి పాత అపార్ట్‌మెంట్లలో "సోషల్ లిఫ్ట్" అని ఒకటి, "సర్వీస్ లిఫ్ట్" అని ఒకటి ఉంటాయి. పేర్లే అవి. వంటింటి వెనక తలుపు, పక్కన పనమ్మాయికి అగ్గిపెట్టె లాంటి గది, అక్కణ్ణించి సర్వీస్ లిఫ్ట్. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది 1888లో. ఆ ఇళ్లు కట్టింది ఆ తర్వాత చాలా ఏళ్లకి. అయినా ప్లాను మాత్రం పాతదే.

1996లో సావోపాలో నగరం ఒక చట్టం చేసింది. జాతి, లింగం, రంగు, పుట్టుక, సామాజిక స్థితి, వయసు, వైకల్యం లాంటి వాటిని బట్టి లిఫ్ట్ ఎక్కనివ్వకపోతే జరిమానా. ఆ సంగతి లిఫ్ట్ పక్కన పలక మీద రాసి పెట్టాలి. నేనున్న బిల్డింగ్‌లోనూ ఉండేది. మొదట్లో "ఎనిమిది మందికి మించి ఎక్కరాదు" లాంటి బోర్డనుకున్నాను. పోర్చుగీస్ కొద్దిగా వచ్చాక చదివి ఆశ్చర్యపోయాను. ఒక నగరం కూర్చుని లిఫ్టు గురించి చట్టం చేసిందంటే అది చిన్న విషయం కాదని వాళ్లకి తెలిసినట్టే కదా.

అయితే ఒకటి. పలక ఉన్నా, మా అంతస్తులో పనిచేసే ఆవిడ మూడేళ్లూ వెనక లిఫ్టులోనే వచ్చింది. ఎవరూ వద్దనలేదు. ఆమే ఎక్కలేదు.


ఓరుగల్లు_పోరడు
మంగళవారం, రాత్రి 11:50

అన్నలు అక్కలు, నేను గ్రూప్స్‌కి ప్రిపేర్ అయితున్న, సాయంత్రాలు ఫుడ్ డెలివరీ చేస్త. నిజంగ జరిగింది చెప్త. మొన్న పొద్దున టెస్ట్ సిరీస్‌ల ఎథిక్స్ పేపర్, "రాల్స్ న్యాయ సూత్రాలను వివరించుము", పది మార్కులు. మంచిగ రాసిన, ఏడున్నర ఏసిండ్రు. సాయంత్రం రెండు బిర్యానీలు పట్టుకొని ఒక పద్నాలుగు అంతస్తుల బిల్డింగ్‌కి పోయిన. సర్వీస్ లిఫ్ట్ కాడ పావుగంట నిలవడ్డ. ఎవలో సోఫా ఎక్కిస్తుండ్రు. పక్క లిఫ్ట్ ఖాళీ. సెక్యూరిటీ అన్న మనోడే, "నా నౌకరి పోతది తమ్మీ" అన్నడు. బిర్యానీ సల్లగైందని కస్టమర్ ఒక్క స్టారే ఇచ్చిండు. స్టార్లు తగ్గితే ఆర్డర్లు తగ్గుతయ్, పైసలు తగ్గుతయ్.

గౌరవం వేరు, పంపకం వేరు అని మీరు చెప్తుండ్రు. నా కాడ రెండు ఒక్క లిఫ్ట్‌లనే పోయినయ్.

ఇంకోటి. తెర ఎనక కూసోని ఆలోచించుడు మంచిదే గని, అమర్త్య సేన్ 2009ల రాసినట్టు, లోకమంతటికి సంపూర్ణ న్యాయం ఎట్లుంటదో తేలేదాక ఆగుడు అవసరం లేదు. ఆయన నీతి, న్యాయం అని రెండు మాటలు మన సంస్కృతం నుంచే తీసుకున్నడు. నీతి అంటే రూల్స్, సంస్థలు సక్కగుండుడు. న్యాయం అంటే అవి పెట్టినంక మనుషుల బతుకు నిజంగ ఎట్లున్నది అని. పెద్ద చేప చిన్న చేపను మింగుడు, మత్స్యన్యాయం, అది కాకుండ చూసుడు ముఖ్యం. మీ అసోసియేషన్ కాడ నీతి ఫుల్లు: కోరం, తీర్మానం, మినిట్స్ అన్ని ఉన్నయ్. న్యాయం మాత్రం మెట్లెక్కుతుంది.


సొంతసొమ్ము
బుధవారం, ఉదయం 7:50

తమ్ముడి బాధ నాకు అర్థమైంది. కానీ మీరంతా ఒకటి మర్చిపోతున్నారు. తడి బకెట్లు, చెత్త సంచులు, సామాన్లు అందరూ ఎక్కే లిఫ్టులో వస్తే ఇబ్బందే కదా? శుభ్రత కోసం పెట్టిన నియమానికి అంబేద్కర్‌ని, బ్రెజిల్‌ని తీసుకురావాలా? ఆవిడకి అంత కష్టంగా ఉంటే వేరే అపార్ట్‌మెంట్‌కి వెళ్లొచ్చు. ఎవరూ కట్టేసి ఉంచలేదు.


నల్లరేగడి
బుధవారం, ఉదయం 8:20

అయితే "తడి బకెట్లు, చెత్త సంచులు సర్వీస్ లిఫ్ట్‌లో తేవాలి" అని రాయండి. ఓనరు చెత్త సంచీ పట్టుకుని దిగినా అదే లిఫ్ట్, పనావిడ చేతులు ఊపుకుంటూ వస్తే మామూలు లిఫ్ట్. తేలిపోయింది. మీరు రాసింది బకెట్ల గురించి కాదు, మనుషుల గురించి.

ఇంకో అపార్ట్‌మెంట్ అన్నారు. పక్క అపార్ట్‌మెంట్‌లో ఏ రూలుంది? దాని పక్క దాంట్లో? అన్ని దుకాణాల్లోనూ ఒకటే సరుకున్నప్పుడు దాన్ని ఎంపిక అనరు.

చట్టం సంగతి అడుగుతారని చెబుతున్నా. రాజ్యాంగం 15(2)లో దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అని పేరుపేరునా రాశారు. అవన్నీ ఎక్కడో ఎవరో ఎవరినో ఆపిన చోట్లే, అందుకే రాశారు. లిఫ్టు లేదు. రాసేవాళ్లకి అప్పుడు ఎట్టా తట్టుద్ది? పైగా అందులో ఉన్నవి మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు. "చేసే పని" లేదు. మీ కమ్యూనిటీలో ఇల్లూడ్చేవాళ్లు, బాత్రూములు కడిగేవాళ్లు ఏ కులాలోళ్లో ఒక్కసారి లెక్కేసుకోండి. అప్పుడు ఆ లేని మాట ఎక్కడికెళ్లి ఉంటుందో తెలుసుద్ది.

1981లో ఫ్రాన్సిస్ కొరాలీ ముల్లిన్ కేసులో సుప్రీంకోర్టు, 21వ అధికరణం కింద జీవించే హక్కంటే మానవ గౌరవంతో జీవించే హక్కని చెప్పింది. గొప్ప మాట. కానీ దాన్ని మీ వాచ్‌మన్‌కి చూపిస్తే లిఫ్ట్ తలుపు తెరుచుకోదు.


నిర్వాహకుడు
బుధవారం, ఉదయం 10:05

కులం పేరు పెట్టి తిట్టిన ఒక వ్యాఖ్య తొలగించాం. ఆ సభ్యుడికి వారం రోజులు రాసే వీలు లేదు. మిగతావాళ్లు కొనసాగించండి.


లెక్కల_మాస్టారు
బుధవారం, సాయంత్రం 4:40

సొంతసొమ్ము గారి శుభ్రత వాదానికి లాయరుగారు చెప్పింది చాలు. నేను వేరే దారిన వస్తాను.

అవిషాయ్ మార్గలిత్ అని ఇజ్రాయెల్ తత్వవేత్త ఒకాయన 1996లో రాసిన పుస్తకంలో, న్యాయమైన సమాజం కన్నా ముందు మర్యాదైన సమాజం కావాలంటాడు. ఏ సమాజంలో సంస్థలు మనుషుల్ని అవమానించవో అది మర్యాదైన సమాజం. ఆయన ఊహించమన్న దృశ్యం మరిచిపోలేం. కరువు ప్రాంతానికి లారీలో ఆహారం వస్తుంది. అందరికీ సమానంగా అందుతుంది, ఒక్కరికీ తక్కువ కాదు. కానీ లారీ మీద నుంచి కుక్కలకి విసిరినట్టు విసురుతున్నారు. పంపకం నూటికి నూరు పాళ్లు న్యాయం. అయినా ఏదో ఘోరం జరుగుతోంది. మీ ప్రశ్నకి ఇంతకన్నా దగ్గరి జవాబు నాకు కనబడలేదమ్మా. ఆయన "సంస్థలు" అన్నాడు, గమనించండి. మీ ఆయన మంచివారే, మీరూ మంచివారే. అవమానించింది నోటీసుబోర్డు.

"మర్యాద" అని నేను కావాలనే వాడాను, కానీ ఆ మాటతో చిక్కుంది. సంస్కృతంలో మర్యాద అంటే ఎల్ల, గట్టు, దాటకూడని హద్దు. సముద్రానికి చెలియలికట్ట మర్యాద. అంటే ఎవరి హద్దులో వాళ్లుండటం మర్యాద! "మర్యాదగా సర్వీస్ లిఫ్ట్ ఎక్కు" అంటే తెలుగు తప్పు కాదు. పోనీ గౌరవం అందామా, అది గురువు నుంచి, అంటే బరువు నుంచి పుట్టింది. బరువున్నవాడికే గౌరవం. జర్మన్ తత్వవేత్త కాంట్ 1785లో అన్న మాట అందుకే మన నోట సరిగా పలకదు: ప్రతిదానికీ ధరైనా ఉంటుంది, లేదా డిగ్నిటీ ఉంటుంది, ధర ఉన్నదాని బదులు ఇంకొకటి పెట్టవచ్చు, మనిషి బదులు ఏదీ పెట్టలేం. బరువూ అక్కర్లేదు, హద్దూ అక్కర్లేదు, మనిషైతే చాలు అనే అర్థం వచ్చే పాత మాట మనకి దొరకదు. రాజ్యాంగ పీఠిక తెలుగులో "వ్యక్తి గౌరవం" అని సరిపెట్టుకున్నారు. సరిపెట్టుకోవడమే.


ఏడో_అంతస్తు
గురువారం, రాత్రి 9:15

ఒక అప్‌డేట్. నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు.

నేను కమిటీ వాట్సాప్ గ్రూపులో ఈ విషయం పెట్టాను. ఈలోగా కుక్కలు పెంచుకునే ఓనర్లు నలుగురు అంతకుముందే లాయర్ చేత లెటర్ ఇప్పించారట. ఇవాళ కమిటీ కొత్త నోటీసు పెట్టింది. పాత వాక్యంలోంచి "పెంపుడు జంతువులు" తీసేశారు. మిగతా వాక్యం అలాగే ఉంది. ఇప్పుడు మా బ్లాకులో కుక్క మామూలు లిఫ్ట్ ఎక్కొచ్చు. ఆవిడ ఎక్కకూడదు. మూడో అంతస్తువాళ్ల కుక్కని సాయంత్రం బయటికి తీసుకెళ్లేది కూడా ఆవిడే. కుక్కతో ఉన్నప్పుడు ఏ లిఫ్టో ఎవరికీ తెలియట్లేదు. వాచ్‌మన్ నన్ను అడిగాడు.


ఓరుగల్లు_పోరడు
గురువారం, రాత్రి 9:22

ఇగ నేను కూడ ఒక కుక్కను అరువు తెచ్చుకుంట. డెలివరీ జల్ది అయితది.


నల్లరేగడి
గురువారం, రాత్రి 9:40

నవ్వులాట కాదు, నిజంగానే అది చట్టపరంగా గట్టి లెటర్. అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కల్ని లిఫ్ట్ ఎక్కనివ్వం అంటే కుదరదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు ఉన్నాయి. ఇళ్లలో పనిచేసేవాళ్ల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడిక తెచ్చింది. మన దేశం దానికి అనుకూలంగా ఓటేసింది. కానీ దాన్ని ఆమోదించి ఇక్కడ అమల్లోకి మాత్రం తేలేదు.

1941లో జాషువా "గబ్బిలం" రాశాడు. గుడిలోకి వెళ్లలేని మనిషి, గుడి లోపల వేలాడే గబ్బిలం చేత కాశీ విశ్వనాథుడికి కబురు పంపుతాడు. పక్షి కాని పక్షికి ఉన్న ప్రవేశం ఆ మనిషికి లేదు. బడిలో చదువుకునేటప్పుడు అది కవి చమత్కారమనుకున్నా. మీ నోటీసు చూశాక అది ఉన్నదున్నట్టు రాయడమేనని తెలిసింది.


లెక్కల_మాస్టారు
శుక్రవారం, ఉదయం 5:20

కుక్క మాట వచ్చింది కాబట్టి, రాత్రంతా నిద్రపట్టనివ్వని ఒక సంగతి.

మన వ్యాకరణం ప్రకారం మగవాళ్లు మహత్తులు. ఆడవాళ్లు, పశువులు, రాళ్లు రప్పలు ఏకవచనంలో ఒకే క్రియ కింద. "రాముడు వచ్చాడు." "సీత వచ్చింది." "కుక్క వచ్చింది." నలభై ఏళ్లు తెలుగు మాట్లాడేవాళ్ల మధ్య పాఠాలు చెప్పి, ఇది ఇవాళ చెవికి తగిలింది. కానీ ఆడవాళ్లని ఆ క్రియలోంచి పైకి తీసే మెట్టు కూడా భాషలోనే ఉంది: "వచ్చారు." మా అత్తగారు వచ్చారు, టీచరుగారు వచ్చారు. పనిమనిషి మాత్రం వచ్చింది.

జెరెమీ వాల్డ్రన్ అనే న్యాయతత్వవేత్త చెప్పేది దీనికి సరిగ్గా అతుకుతుంది. ఒకప్పుడు డిగ్నిటీ అంటే హోదా. ప్రభువులకి, మతాధికారులకి ఉండేది. ఆధునిక కాలం ఆ హోదాని రద్దు చెయ్యలేదు. అందరినీ ఆ అంతస్తుకే ఎక్కించింది. ఇకమీదట ప్రతి మనిషీ ప్రభువే. మన భాషలో అయితే అందరినీ "నువ్వు" అనడం సమానత్వం కాదు, అందరినీ "మీరు" అనడం.

ఏడో అంతస్తు గారూ, మొదటి రోజు మీరు "మా పనిమనిషి" అన్నారు, నిన్న "ఆవిడ" అన్నారు. మీరు గమనించారో లేదో. క్రియ ఇంకా మారలేదు.


సొంతసొమ్ము
శుక్రవారం, ఉదయం 9:00

కుక్కకి ఓకే, మనిషికి వద్దు అనేది తలతిక్క రూలు, ఒప్పుకుంటున్నాను. ఆస్తి హక్కున్నంత మాత్రాన దాన్ని బుద్ధి లేకుండా వాడమని నోజిక్ చెప్పలేదు. నేనైతే ఓనర్ల ఓటుతోనే మార్చాలంటాను, పైనుంచి చట్టం వద్దంటాను. అంతవరకే నా తేడా.


అమ్మకూతురు
శనివారం, మధ్యాహ్నం 3:30

నాలుగు రోజులుగా రాయాలా వద్దా అనుకుంటున్నాను.

మా అమ్మ విజయవాడలో ఇరవై రెండేళ్లు ఇళ్లలో పనిచేసింది. (మాస్టారూ, మా అమ్మని నేను "చేసింది" అనే అంటాను, అది వేరే లెక్క.) నాలుగిళ్లు. ఆ జీతంతోనే నేను డిగ్రీ చదివి బ్యాంకు ఉద్యోగం తెచ్చుకున్నాను. నిన్న రాత్రి మీ చర్చంతా అమ్మకి చదివి వినిపించాను. రాల్స్ దగ్గర కునుకు తీసింది. చెరువు దగ్గర లేచి కూర్చుంది. కుక్క దగ్గర బాగా నవ్వింది.

అంతా విని ఏమందంటే, "లిఫ్ట్ ఏదైతే ఏంటే, నెలకి నాలుగు సెలవులు ఇప్పించమను. జ్వరమొస్తే జీతం కొయ్యొద్దనమను."

బ్రెజిల్‌లో ఆవిడ వెనక లిఫ్టే ఎక్కిందని చదివినప్పుడు మీలో కొందరు "పాపం, అలవాటు పడిపోయింది" అనుకుని ఉంటారు. దానికి పుస్తకాల్లో పేరు కూడా ఉందని నాకు తెలుసు. లేమికి అలవాటుపడ్డ మనిషి కోరికలు కూడా చిన్నవైపోతాయని సేన్, తత్వవేత్త మార్తా నస్‌బామ్ రాశారు. ఎంఏలో చదివాను. చదివినప్పుడు మా అమ్మే కనబడింది, నమ్మాను కూడా. ఇప్పుడు నమ్మను. అమ్మకి తెలియక కాదు. ఏది అడిగితే దొరుకుతుందో, ఏది అడిగితే పని పోతుందో తెలుసు కాబట్టి. సెలవు అడిగితే సణుగుతారు గానీ ఇస్తారు. లిఫ్ట్ ఎక్కుతానంటే "దీనికి పొగరెక్కింది" అంటారు. మీరు ఆమె కోరికలు చిన్నవైపోయాయంటారు. ఆమె బేరం ఆడుతోంది.

అట్లాగని ఆమెకి పట్టదనీ కాదు. ఒక ఇంట్లో అమ్మ గ్లాసు కుళాయి వెనక గూట్లో ఉండేది, పాత సబ్బుముక్కల పక్కన. చిన్నప్పుడు సెలవుల్లో అమ్మతో వెళ్లినప్పుడు నాకూ అందులోనే పాలు పోశారు. మంచివాళ్లు, రోజూ పోశారు. అమ్మ ఆ ఇల్లు మానేసింది. జీతం తక్కువని చెప్పింది వాళ్లకి. అన్నిట్లోకీ ఎక్కువిచ్చింది ఆ ఇల్లే.

సెలవా, లిఫ్టా అని ఒకటే ఎంచుకోమంటే అమ్మ సెలవే అంటుంది. ఒకటే ఎంచుకోమని అడగడం ఏమిటి అసలు? మీరెవరైనా ఎప్పుడైనా జీతానికీ కుర్చీకీ మధ్య ఎంచుకున్నారా ఆఫీసులో?


లెక్కల_మాస్టారు
శనివారం, సాయంత్రం 6:10

అమ్మా, అలవాటు సంగతి నేనే రాద్దామని సగం టైపు చేసి పెట్టుకున్నాను. చెరిపేశాను.


ఏడో_అంతస్తు
ఆదివారం, రాత్రి 8:45

ఇవాళ మీటింగ్ అయింది. నల్లరేగడి గారు చెప్పినట్టే తీర్మానం రాసుకుని వెళ్లాను: "సామాన్లు, చెత్త, తడి బకెట్లు సర్వీస్ లిఫ్ట్‌లో; మనుషులు ఏ లిఫ్ట్‌లోనైనా." అనుకూలం 31, వ్యతిరేకం 44. ఓడిపోయాను. మా ఆయన నాకే ఓటేశారు, అది నాకు ఆశ్చర్యం. ఒకావిడ "మరి డ్రైవర్లు కూడా ఎక్కేస్తారు కదా" అన్నారు. ఎక్కేస్తే ఏమవుతుందని అడిగాను. జవాబు చెప్పలేదు, నన్నే వింతగా చూశారు. సర్వీస్ లిఫ్ట్ పాడైనప్పుడు మాత్రం అందరూ అన్నీ వాడొచ్చని ఒక సవరణ ఒప్పుకున్నారు. మూడు నెలల తర్వాత మళ్లీ పెడతాను. ఇల్లిల్లూ తిరిగితే ఏడు ఓట్లు అటునుంచి ఇటు రావా?

నెలకి నాలుగు సెలవులు, జ్వరమొస్తే జీతం కొయ్యకపోవడం – ఇవి మీటింగ్ అక్కర్లేకుండా ఇంట్లో అయిపోయాయి. ఇన్నాళ్లూ ఎందుకు చెయ్యలేదంటే చెప్పడానికేమీ లేదు.

అమ్మకూతురు గారూ, మొదటి రోజు మీరడిగిన దానికి తప్పించుకు తిరిగాను. స్టీలు గ్లాసు. బాల్కనీ కిటికీ గట్టు మీద ఉంటుంది. అడుగున గీత గీసి ఉంటుంది, మిగతావాటితో కలవకుండా. గీసింది మా అత్తగారు, కానీ ఆవిడ పోయి నాలుగేళ్లయింది, గీత చెరపనిది నేను.

ఇవాళ పొద్దున మేం తాగే పింగాణీ కప్పులో టీ పోసి ఇచ్చాను. ఆవిడ కప్పు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో నాలుగు గుక్కలు కూడా రావమ్మా, నా గ్లాసులోనే పొయ్యండి" అన్నారు. నాకేమనాలో తెలియలేదు. గ్లాసులోనే పోశాను.


అమ్మకూతురు
ఆదివారం, రాత్రి 9:02

పెద్ద గ్లాసు ఆవిడ హక్కు, అందులోనే పొయ్యండి. ఎక్కడ కూర్చుని తాగారు?